ఐదో మిషను, ఆఖరి గడి

సుప్రియ ఏం పని చేస్తుందో పుంగనూరులో వాళ్ళ వీధిలో ఒక్కరికీ సరిగ్గా తెలియదు. కంప్యూటర్ పని అంటే సరే అని తల ఊపేవాళ్ళు. ఏ కంపెనీ, ఏం తయారు చేస్తారు అని అడిగితే మాత్రం ఆమే నీళ్ళు నమిలేది. నిజానికి దాచడానికి అందులో ఏమీ లేదు. మదనపల్లెలో ఒక ఎరువుల అంగడి మీద రెండు గదులు, వాటిలో నాలుగు కంప్యూటర్లు, 'ఏదికొందాం' అని ఒక వెబ్‌సైటు. ఆన్‌లైన్‌లో మిక్సీ కొనాలన్నా ఫ్యాను కొనాలన్నా జనం ముందు ఏది మంచిదని ఫోనులో వెతుకుతారు కదా, అలా వెతికినవాళ్ళకు తెలుగులో ఒక పట్టిక చూపించడం వీళ్ళ పని. ఎడమవైపు ఒకదాని కింద ఒకటి ఐదు మిక్సీల పేర్లు. పైన అడ్డంగా జార్లు ఎన్ని, గ్యారంటీ ఎన్నేళ్ళు, చప్పుడు ఎక్కువా తక్కువా. ఉన్నదానికి పచ్చ టిక్కు, లేనిదానికి ఎర్ర ఇంటూ. ఒకదాని పక్కన 'మా ఎంపిక' అని చిన్న పతకం బొమ్మ. పట్టిక చూసి, కింద బొత్తాం నొక్కి, కొనేసుకుంటారు.

ఆ ఐదు మిక్సీల్లో ఒక్కదాన్ని కూడా సుప్రియ చేత్తో ముట్టుకుని ఎరగదు. అమ్మేవాళ్ళ పేజీల్లో రాసి ఉన్నది చూసి గళ్ళలోకి ఎక్కించడమే. అలా మూడేళ్ళలో కుక్కర్లు, గీజర్లు, పరుపులు, తాళాలు, పసిపిల్లల ఉయ్యాలలు అన్నీ చేసింది. పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, ఉయ్యాల ఏది మంచిదో మాత్రం ఊరందరికీ చెప్పింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ వినేవాడు కంటికి కూడా కనబడడు, ఇంక ఆ లోకువకు హద్దేముంది!

యజమాని గౌతమ్ చెడ్డవాడేమీ కాదు. టిఫిను తెప్పిస్తే నలుగురికీ తెప్పించేవాడు, పండక్కి అడగకుండానే సెలవిచ్చేవాడు. అతనికి ఉన్నది ఒక్కటే పట్టుదల, పట్టికలో ఖాళీ గడి ఉండకూడదు. ఖాళీ కనబడితే వీళ్ళకే తెలియదు కాబోలు అనుకుని జనం ఇంకో సైటుకు పోతారట. ఇంకో సంగతి కూడా అతనే చెప్పాడు. ఫోనులో పట్టిక మొత్తం పట్టదు, మొదటి మూడు నిలువు వరసలే కనబడతాయి, మిగతావి వేలితో పక్కకు జరుపుకోవాలి. ఆఖరి గడి దాకా జరిపేవాళ్ళు నూటికి ఇద్దరు కూడా ఉండరు. కాబట్టి ముఖ్యమైనవి ముందు పెట్టు, మిగతావి వెనక పడెయ్యి అనేవాడు.

ఆగస్టులో కంచె మిషన్ల పట్టిక వచ్చింది. కుప్పం వైపు అడవిపందులు, ఏనుగులు చేలల్లో పడి నాశనం చేస్తుంటాయి కదా, వాటిని ఆపడానికి చేను చుట్టూ తీగ లాగి, దానికి ఒక డబ్బా లాంటి మిషను తగిలిస్తారు. సోలార్ పలక మీద నడుస్తుంది. క్షణానికోసారి తీగలోకి ఒక చిన్న కరెంటు దెబ్బ వదులుతుంది. జంతువు తగిలితే ఉలిక్కిపడి పారిపోతుంది, చావదు. మబ్బు పట్టి ఎండ లేని రోజుల్లో ఇంటి కరెంటుతో చార్జరు పెట్టుకోవాలి.

సుప్రియ ఐదు మిషన్లు ఎంచుకుని ఆరు వరసలు వేసింది. ఏడో వరస ఆమెను ఎవరూ అడగలేదు, తానే కలిపింది. 'మనిషి తగిలితే ప్రాణభయం లేదు' అని దానికి పేరు పెట్టింది. పశువుల సంతలో పెరిగిన పిల్ల కదా, పొలానికి పోయేవాళ్ళు మనుషులని ఆమెకు ఆ మాత్రం గుర్తుంది. మొదటి నాలుగింటికి పరీక్ష చేసినట్టు కాగితాలు అమ్మేవాళ్ళ పేజీలోనే ఉన్నాయి. ఐదోదానికి ఏమీ లేదు. అన్నిటికంటే చవక అదే. అమ్మేవాడికి రెండుసార్లు మెయిలు పెట్టింది, జవాబు రాలేదు. ఒక శనివారం మధ్యాహ్నం గౌతమ్ ఇంకా కాలేదా అని అడిగాడు. సుప్రియ ఐదో మిషను ఆఖరి గడిలో టిక్కు పెట్టి పట్టిక పంపించేసింది.

నాలుగు మంచివైనప్పుడు ఐదోదీ మంచిదే అయి ఉంటుంది, మనిషిని చంపేదాన్ని ఎవరైనా బహిరంగంగా అమ్ముతారా అని ఆ తరవాత తనకు తానే చెప్పుకుంది. చాలాసార్లే చెప్పుకుంది.

నాలుగో రోజున పట్టిక కింద ప్రశ్నల చోట ఒకాయన రాశాడు. 'అయ్యా లేక అమ్మా, నా పేరు సుబ్రహ్మణ్యం. గుడుపల్లె దగ్గర పొలం. మా ఇంటామె పొద్దున్నే మల్బరీ ఆకు కోసేదానికి పోతుంది. ఐదో మిషను తీగ తగిలితే ఆమెకు ఏమీ కాదు గదా. దయచేసి ఫోన్ చేయగలరు.' కింద నంబరు. మన పల్లెల వాళ్ళు అలాగే రాస్తారు, అవతల ఒక మనిషి కూర్చుని ఉంటాడని, నంబరు ఇస్తే చేస్తాడని వాళ్ళ నమ్మకం. ఆఫీసులో మాత్రం ఫోన్ చేసే ఆనవాయితీ లేదు. రోజుకు నలభై ప్రశ్నలు వస్తాయి, అన్నిటికీ తయారుగా జవాబులు ఉంటాయి. సుప్రియ రాసింది: 'నమస్తే అండి. పట్టికలో ఆఖరి గడి చూడండి, టిక్కు ఉంది.' పది నిమిషాలకు చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరుగు జవాబుగా వచ్చింది. నూటికి ఇద్దరు కూడా జరపని చోటికి ఆయన జరిపి చూశాడు.

సెప్టెంబరు చివర్లో ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు ఆ పట్టికలో ఏదో ధర మార్చాల్సి వచ్చి తెరిచింది. ఐదో మిషను ఆఖరి గడి ఖాళీగా ఉంది.

ఎవరో పొరపాటున తీసేశారనుకుని మళ్ళీ పెట్టింది. మంగళవారం చూస్తే ఖాళీ. మళ్ళీ పెట్టింది. బుధవారం ఖాళీ. సైటులో ఏదో తేడా వచ్చిందని గౌతమ్‌కు చెప్పింది. అతను వచ్చి ఆమె భుజం మీదుగా చూసి, ఉంది కదమ్మా, పచ్చగా కనబడుతోంది కదా అన్నాడు. తన ఫోనులో చూశాడు, అందులోనూ ఉందన్నాడు. సుప్రియకు రెండింట్లోనూ తెల్లటి గడే కనబడింది. కాగితం మీద ప్రింటు తీసింది. నాలుగు టిక్కులు, వాటి కింద తెలుపు. గౌతమ్ ఆ తెలుపు మీద వేలు పెట్టి, ఇదిగో ఇక్కడ, నీకు కళ్ళద్దాలు కావాలి అని నవ్వాడు. అతని వేలు ఖాళీ కాగితం మీద ఉంది.

కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళింది. కళ్ళు బంగారంలా ఉన్నాయన్నాడు.

ఆ వారమే చప్పుడు మొదలైంది. ఆఫీసు గోడలోంచి టప్ అని ఒకటి, కొంచెం ఆగి మళ్ళీ టప్. గోడ గడియారం కంటే కొంచెం నెమ్మది. పట్టపగలు, కింద అంగడిలో ఎరువుల మూటలు దించుతుంటే, పక్కన ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటే, వాటి మధ్యలోంచి స్పష్టంగా వినబడేది. పైన ట్యాంకు కారుతోందేమో చూడమంది. చూసి వచ్చి ఏమీ లేదన్నారు. ఆ చప్పుడు ఇంకెవరికీ వినబడడం లేదు. కంచె మిషన్ల మీద అంత పెద్ద పట్టిక వేసిన మనిషి కంచె మిషను ఎలా చప్పుడు చేస్తుందో ఒక్కసారి కూడా విని ఎరగదు. అందుకే అది ఏమిటో ఆమెకు తెలియలేదు.

తరవాత ఖాళీ ఆ పట్టికను దాటి బయటికి వచ్చింది. పరుపుల పట్టికలో ఆఖరి గడి, ఫ్యాన్ల పట్టికలో ఆఖరి గడి. మదనపల్లె బస్టాండులో బస్సుల టైములు రాసిన బోర్డు కింద వరసలో ఊరి పేరు ఉంది, ఎదురుగా టైము లేదు. పక్కన నిలబడ్డ ఆవిడ అదే టైము చదివి కొడుకుకు చెప్తోంది. ఇంట్లో నవంబరు క్యాలెండరులో ఇరవైతొమ్మిది తరవాత తెల్లటి గడి. సుప్రియకు భయమేసింది, మామూలు భయం కాదు. ఏమిటో తెలియని దానికి కాదు ఆ భయం. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ఖాళీ చూసిన ప్రతిసారీ ఆమె మనసు నేరుగా పోయి ఒకే ఒక్క శనివారం మీద, ఒకే ఒక్క ఫోన్ నంబరు మీద ఆగేది. పేజీ తీసేద్దామంటే ఏమని చెప్పి తీయాలి? ఫోన్ చేద్దామంటే ఏమని అడగాలి? బతికే ఉన్నారా అనా? రెండు నెలలు అలాగే గడిపింది.

వాళ్ళ నాన్న వెంకటప్ప నలభై ఏళ్ళు పుంగనూరు సంతలో పశువుల దళారి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఇంటి పట్టునే ఉంటున్నాడు. క్యాలెండరు ముందు నిలబడి కూతురు ముప్పయ్యో తారీకు చదవమని అడిగితే, చదివాడు. ఎందుకే అని అడిగాడు. సుప్రియ అక్కడే కింద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పేసింది. పిచ్చి అంటాడనుకుంది. ఆయన అనలేదు.

సంతలో ఒక పద్ధతి ఉండేదని చెప్పాడాయన. దళారి ఎద్దు వీపు మీద చెయ్యి వేసి, ఇది పొడవదు, తన్నదు, కాడి కింద పడుకోదు అని చెప్పి అమ్మిస్తే, తొమ్మిదో రోజున కొన్నవాడి ఇంటికి పోవాలి. ఎద్దు మేత మేస్తోందా లేదా కళ్ళారా చూడాలి. చూసి ఆ ఇంట్లో చెంబెడు నీళ్ళు తాగి రావాలి. అప్పటికి గాని ఆ మాట దళారి మెడలోంచి దిగదు. ఒకసారి పెద్దపంజాణి రైతుకు ఒక ఎద్దును అంటగట్టి ఆయన పోలేదు. వానలని ఒక వారం, పనులని ఒక వారం. పశువే లేని తన ఇంట్లో నెల రోజులు మెడగంట వినబడింది. ఆఖరికి పోతే ఆ రైతు విరిగిన కాలు చాపుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వు ఆయప్ప కాడికి పోయి సూసినావా?" అని అడిగాడు వెంకటప్ప.

"వేలమంది సూస్తారు నాయనా ఆ పేజీని. ఎవురింటికని పొయ్యేది?"

"అడిగినోడు ఒకడే గదమ్మా."

మర్నాడు మధ్యాహ్నం సుప్రియ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఆ నంబరుకు ఫోన్ చేసింది. రెండు రింగులకే ఎత్తారు. నమస్తే అన్నా, మదనపల్లె నుంచి మాట్లాడతాండాను అంది. అవతల మాట లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు. టప్ అని ఒకటి, ఆగి మళ్ళీ టప్. ఈసారి గోడలోంచి కాదు, చెవిలోకే. ఎంతసేపు విన్నదో, చివరికి అదే కట్ అయింది. మళ్ళీ చేస్తే నంబరు పని చేయడం లేదని వచ్చింది.

ఆ శనివారం సెలవు పెట్టి పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో మారి కుప్పం చేరింది. బంగాళాఖాతంలో వాయుగుండమని మూడు రోజులుగా ఆకాశం మూసుకుని ఉంది. దారి పొడుగునా తుంపర. కుప్పం బస్టాండు దగ్గర మోటార్లు, స్టార్టర్లు బాగుచేసే అంగడి కనబడితే ఆగింది. ఆ ఇంటికి పోయే ముందు ఒక్క సంగతైనా తేల్చుకుందామని ఆమె ఆలోచన. ఈ పని ఆగస్టులో ఒక్క ఫోన్‌తో అయ్యేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్తా!

అంగడతని పేరు మునికుమార్. ఫోనులో ఐదో మిషను బొమ్మ చూపించగానే గుర్తుపట్టాడు. ఇలాంటివి రెండు తన దగ్గరికి బాగుచేయడానికి వచ్చాయట. విప్పి చూసి మళ్ళీ మూయకుండా పక్కన పడేశాడు. లోపల కరెంటుకూ తీగకూ మధ్య ఉండాల్సిన అడ్డు లేదని, ఎండ మీద నడిచినంత సేపు ఏమీ కాదని, దాని గుణం తెలిసేది చార్జరు పెట్టినప్పుడేనని వివరంగా చెప్పాడు.

"మబ్బు పట్టి సార్జరు పెట్టినారంటే కరెంటు నేరుగా తీగలోకే పోతాది మేడం. అప్పుడు తగిలితే మనిషి మిగలడు. మూడు దినాల్నించి మబ్బే గదా, యాడన్నా పెట్టుంటే పోయి ముందు తీపిచ్చండి."

సుప్రియ రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆటో మాట్లాడుకుని ఎక్కి, దారిలో గౌతమ్‌కు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆటో గుడుపల్లె చేరేలోపల పేజీ తీసేశానని మెసేజి పెట్టాడు. పేజీ తీశారు సరే, తీగ ఇంకా ఉంది కదా. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

ఊళ్ళో అడిగితే సుబ్రహ్మణ్యం ఇల్లు చేలోనే అని చూపించారు. రేకుల ఇల్లు, పక్కన పట్టుపురుగుల షెడ్డు, ఆ వెనక మల్బరీ. ఆటో దిగిన చోటనే సుప్రియకు చప్పుడు వినబడింది. టప్. కొంచెం ఆగి టప్. ఈసారి అది గాలిలోంచి కాదు, షెడ్డు గోడకు బిగించిన ఒక పసుపు డబ్బాలోంచి వస్తోంది. ఆటో డ్రైవరు కూడా తల తిప్పి అటు చూశాడు. డబ్బా కింద నుంచి నల్ల వైరు షెడ్డులోని ప్లగ్గులోకి పోయి ఉంది. డబ్బా పై నుంచి తీగ బయలుదేరి చేను చుట్టూ తిరిగింది.

షెడ్డులో యాభై ఏళ్ళావిడ ఒకామె పురుగులకు ఆకు వేస్తోంది. పేరు ప్రమీలమ్మ. సుప్రియ పేరు కూడా చెప్పుకోకుండా లోపలికి పరుగెత్తి ఆ ప్లగ్గు ఊడబెరికింది. చప్పుడు ఆగిపోయింది. చేతిలో ఆకుతో ప్రమీలమ్మ అలాగే నిలబడిపోయింది. యాల పీకినావు పాపా, పందులు పడతాయి అంది, కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా. సుప్రియ సుబ్రహ్మణ్యం గారు ఎక్కడున్నారని అడిగింది. ఆయన పోయి రెండు నెలలు దాటిందని ప్రమీలమ్మ చెప్పింది. సెప్టెంబరు చివరి సోమవారం.

కూర్చోమని గోనెపట్టా పరిచింది. వచ్చిన మనిషి ఆఫీసునుంచి ఏదో రాసుకోవడానికి వచ్చిందనుకుందో ఏమో, అడగకుండానే చెప్పుకొచ్చింది. ఆస్పత్రిలో గుండె ఆగి పోయాడని రాసిచ్చారు. ఎవరో ఒకాయన తీగ వల్లే అని అంటే, ప్రమీలమ్మే అతన్ని నాలుగు చీవాట్లు పెట్టింది. మిషనుకు టిక్కు ఉంది, ఆయనే ఫోనులో ఊరంతా తిప్పి అందరికీ చూపించాడు, పైగా అడిగితే రాతపూర్వకంగా జవాబిచ్చారు. అలాంటిది మిషను ఎందుకవుతుంది? గుండే. పోయేవాళ్ళు పోయినా చేను కాపాడుకోవాలి కదా అని మిషను అలాగే నడుపుతోంది. పొద్దున్నే ఆ తీగ పక్కనే నడిచి ఆకు కోసుకొస్తోంది. ఎండ కాసినంత కాలం ఏమీ కాలేదు. మబ్బు ముదిరిందని ఈ పొద్దు మధ్యాహ్నమే చార్జరు పెట్టింది.

"ఆ సోమారం గూడా ఇట్లనే మబ్బు," అంది ప్రమీలమ్మ. "నన్ను ఆకుకు పోనీలేదు. నువ్వు ఈడే ఉండు, సార్జరు పెట్టింది ఇదే మొదులు, నేను ముందు పట్టుకోని సూసొస్తా అన్న్యాడు. టిక్కుండాది గదా అంటే, ఉండాది, అయినా సూస్తా అన్న్యాడు. జోబీలో ఉండే ఫోను గూడా ఆయనతోనే మాడిపోయింది పాపా. దాన్ని గూడా ఆడనే పూడ్సినాము."

మొన్న ఆ ఫోను ఎత్తింది ఎవరో సుప్రియ ఆమెకు చెప్పలేదు. రెండు నెలలుగా ఆ గడిని పొద్దునా సాయంత్రం తుడుస్తున్నది ఎవరో, ఎందుకో మాత్రం ఆమెకు అప్పుడు పూర్తిగా తెలిసింది. ఆయన పగ తీర్చుకోవడానికి రాలేదు. సుప్రియను ఆయన అసలు లెక్కలోకే తీసుకోలేదు. పెళ్ళాం పొద్దున్నే ఆ తీగ పక్కన నడుస్తోంది, మళ్ళీ మబ్బు రాబోతోంది, ఆ టిక్కు అబద్ధమని చెప్పే మనిషి కావాలి. అది పెట్టిన మనిషి తప్ప ఇంకెవరు చెప్పినా ఈ ఊరు నమ్మదు. అంతే ఆయన గోల. అది అర్థమయ్యేసరికి సుప్రియకు భయం పోయి ఏడుపు వచ్చింది. ఏడవడానికి తనకేం హక్కుందని దాన్ని లోపలే మింగేసింది.

గుండె కాదమ్మా, తీగే అని చెప్పింది. మునికుమార్ చెప్పింది ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. ఆ టిక్కు పెట్టింది తానేనని, ఆ జవాబు రాసింది కూడా తానేనని, మిషను గురించి తనకు ఏమీ తెలియదని చెప్పింది. పురుగులు ఆకు తినే చప్పుడు ఒక్కటే, చినుకు పడుతున్నట్టు సన్నగా వినబడుతోంది. ప్రమీలమ్మ తన చేతిలోని ఆకును ఒకటొకటిగా పురుగుల మీద వేసింది, అంతా అయ్యేదాకా వేసింది. తరవాత పట్టా మీద సుప్రియకు ఎదురుగా కూర్చుంది.

"పెట్టేటప్పుడు ఏమనుకోని పెట్టినావు?"

సుప్రియ దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. నాలుగు మంచివైతే ఐదోదీ మంచిదే అనుకున్నాను. అమ్మేవాడికి రెండుసార్లు రాశాను. ఖాళీ గడి ఉండకూడదని మా ఆఫీసులో నియమం. మూడు నెలలుగా అరగదీసుకుని దగ్గర పెట్టుకున్నవే అన్నీ. ఆవిడ ముందు అవన్నీ పక్కన పెట్టింది.

"ఏమీ అనుకోలేదమ్మా. శనివారం. మూడున్నర బస్సుకు ఇంటికి పోదామని పెట్టేసినాను."

ప్రమీలమ్మ ఆ మాట విని బయటికి చూసింది. చేను అవతల ఇంకో మూడు ఇళ్ళు ఉన్నాయి. వాటి చుట్టూ కూడా తీగలు ఉన్నాయి. ఆయన ఫోనులో పట్టిక చూపిస్తే చూసి కొన్నవాళ్ళు. కొంగుతో ముఖం ఒకసారి గట్టిగా తుడుచుకుని లేచి నిలబడింది.

"లెయ్. ఆ ముగ్గురూ ఈ మబ్బుకు సార్జర్లు పెట్టుంటారు. నేను సెప్తే మొగుడు పోయి మతి సెడిందంటారు, నువ్వే సెప్పాల. నిన్ను తిట్టేది ఉంటే వెనక తిడతా." గడప దాటి ఆగింది. "బస్సు సంగతి గూడా సెప్పు. అది సెప్తేనే నమ్ముతారు."

సుప్రియ లేచి చెప్పులు వేసుకుంది. తుంపర ఇంకా పడుతూనే ఉంది. ప్రమీలమ్మ గెనిమ గట్టు మీద ముందు నడిచింది, తీగకు రెండు బారలు ఎడంగా. సుప్రియ ఆమె అడుగులో అడుగు వేస్తూ మొదటి ఇంటి వైపు వెళ్ళింది.